35 అంటే 35 మార్కులా? పాప రీజనింగ్ టెస్టు రిపోర్టు ఎలా చదవాలో చెప్పండి

చిన్నిఅమ్మ
అందరికీ నమస్కారం. పాపకి తొమ్మిదేళ్లు, మూడో తరగతి. స్కూల్లో కాగ్యాట్ (CogAT) అనే రీజనింగ్ టెస్టు పెట్టారు, మొన్న రిపోర్టు బ్యాగులో పెట్టి పంపించారు. ఒకే ఒక్క కాగితం, దాని గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. వెర్బల్ (మాటలు) 94, క్వాంటిటేటివ్ (లెక్కలు) 122, నాన్‌వెర్బల్ (బొమ్మలు) 118, మొత్తం కలిపి 112 అని ఉంది. దాని పక్క వరసలో వయసు పర్సంటైల్ అని 35, 92, 87, 77. ఇంకో వరసలో తరగతి పర్సంటైల్ అని ఉంది, అక్కడ వెర్బల్‌కి 29. కింద ఒక డబ్బాలో 7ఈ (7E), వీ మైనస్ (V-) అని ఏదో రాసుంది, అదేంటో అసలు అర్థం కాలేదు.

మావారు 35 చూసి "ఇంగ్లీషులో 35 మార్కులేంటి" అని పాప ఎదురుగానే గట్టిగా అన్నారు. నేనూ అదే అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాప ఏమీ మాట్లాడలేదు. పొద్దున చూస్తే ఆ 35 మీద రబ్బరుతో రుద్దినట్టుంది. ప్రింటు పోలేదు, కాగితం మాత్రం నూగు లేచింది. అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. దయచేసి ఈ అంకెల అర్థం ఎవరైనా చెప్పండి.

బడిలో_ఇరవైఏళ్లు
అమ్మా, ముందు ఒక్క మాట. 35 పర్సంటైల్ అంటే 35 మార్కులు కాదు, 35 శాతం కరెక్టు అనీ కాదు. నేను స్కూల్ కౌన్సెలర్‌ని, ఇలాంటి రిపోర్టులు ఏటా తల్లిదండ్రులతో కూర్చుని చదువుతాను, పది ఇళ్లలో ఎనిమిది ఇళ్లు ఇక్కడే తడబడతాయి, కాబట్టి మీ తప్పు అనుకోకండి.

పాప వయసున్న వంద మంది పిల్లల్ని స్కోరు ప్రకారం వరసలో నిలబెట్టారనుకోండి. అందులో మీ పాప దాదాపు 35 మందికి ముందు ఉంది. అంతే దాని అర్థం. పాప ప్రశ్నల్లో సగం చేసిందో, ముప్పావు చేసిందో ఆ అంకె చెప్పదు. ఇక్కడ పాస్, ఫెయిల్ అనేవే లేవు.

94, 122 లాంటివి స్టాండర్డ్ స్కోర్లు. ఈ టెస్టులో సగటు 100, అటూ ఇటూ ఒక్కో మెట్టు 16 పాయింట్లు. అంటే 84 నుంచి 116 మధ్య పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది ఉంటారు. మీ పాప 94 ఆ గుంపు మధ్యలోనే ఉంది. 122 అయితే ఆ గుంపు దాటి పైకి వెళ్లింది.

వయసు పర్సంటైల్, తరగతి పర్సంటైల్ ఎందుకు వేరుగా ఉన్నాయంటే, ఒకటి పాప పుట్టిన నెలకి దగ్గర్లో పుట్టిన పిల్లలతో పోలిక, రెండోది అదే తరగతి పిల్లలందరితో పోలిక. 35 కన్నా 29 తక్కువ ఉందంటే బహుశా మీ పాప క్లాసులో చిన్నవాళ్లలో ఒకతి. అవునా?

చిన్నిఅమ్మ
అవునండీ! క్లాసులో అందరికన్నా చిన్నది, కొంతమంది దానికంటే పది నెలలు పెద్దవాళ్లు. అది ఈ కాగితంలో కనపడుతుందని అనుకోలేదు.

లెక్కల_నాన్న
మేడం చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను, ఎందుకంటే నాకు ఇదే పెద్ద విషయంగా అనిపిస్తుంది, రిపోర్టుల్లో మాత్రం సన్న గీతల్లా వేసి వదిలేస్తారు. మీ కాగితంలో ప్రతి స్కోరు పక్కన ఒక అడ్డగీత గానీ రంగు పట్టీ గానీ ఉందా? అసలు స్కోరు ఆ పట్టీయే. మధ్యలో ఉన్న అంకె దానికి గుర్తు మాత్రమే.

ఏ టెస్టు అయినా పాపని ఇంకో రోజు కూర్చోబెడితే అచ్చంగా అదే అంకె రాదు. నిద్ర సరిపోలేదు, పక్కవాడు దగ్గుతున్నాడు, రెండు జవాబులు ఊహించి పెడితే కలిసొచ్చాయి, ఇలాంటివి ఎన్నో. ఆ ఊగిసలాటని కూడా లెక్క కట్టి ఇస్తారు. ఉదాహరణకి అది 4 పాయింట్లు అనుకుందాం. అప్పుడు నూటికి 95 పాళ్లు నమ్మకంగా చెప్పాలంటే రెండు రెట్లు తీసుకుని అటు 8, ఇటు 8 వదలాలి. వెర్బల్ 86 నుంచి 102. క్వాంటిటేటివ్ 114 నుంచి 130. నాన్‌వెర్బల్ 110 నుంచి 126.

ఇప్పుడు ఈ మూడు పట్టీల్ని ఒకదాని కింద ఒకటి గీయండి. 122, 118 పట్టీలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి, అంటే ఆ రెండింటిలో ఎక్కువ తక్కువ అని మాట్లాడటానికి ఏమీ లేదు, రెండూ ఒకటే అనుకోండి. వెర్బల్ పట్టీ క్వాంటిటేటివ్ పట్టీని తాకడం కూడా లేదు. ఆ తేడా నిజమైనది. ఆ డబ్బాలో రాసిన అక్షరాలు కూడా దీన్నే చెప్తున్నాయనుకుంటా, మేడం సరిచూడాలి.

బడిలో_ఇరవైఏళ్లు
సరిగ్గా చెప్పారు. 7ఈ వీ మైనస్ అంటే ఇలా విడదీయాలి. 7 అనేది స్టనైన్. పిల్లల్ని వరసలో నిలబెట్టి తొమ్మిది గుంపులుగా విడగొడతారు, గుంపులు సమానంగా ఉండవు. కింది నుంచి 4, 7, 12, 17, 20, 17, 12, 7, 4 శాతం. మధ్యలో ఎక్కువమంది, చివర్లలో తక్కువమంది. పాప మూడు భాగాల స్టనైన్లు 4, 8, 7. వాటిలో మధ్యది 7, అదే ముందు రాశారు. ‘ఈ’ (E) అంటే మూడు భాగాల మధ్య తేడా బాగా పెద్దది అని, ఎక్కువ తక్కువల మధ్య 24 పాయింట్లు గానీ ఆ పైన గానీ ఉంటే ఆ E అక్షరం వస్తుంది. పాపకి 28. వీ మైనస్ అంటే వెర్బల్ మిగతావాటి కన్నా కింద ఉందని.

అందుకే ఆ 112ని మీరు పక్కన పెట్టేయండి. మూడూ దగ్గర దగ్గరగా ఉన్న పిల్లలకి మొత్తం స్కోరు పనికొస్తుంది. మీ పాప విషయంలో అది లెక్కల్లో చురుకుతనాన్నీ దాచేస్తుంది, మాటల దగ్గర ఇబ్బందినీ దాచేస్తుంది.

రెండు ప్రశ్నలు. రిపోర్టులో ప్రతి భాగానికి ఎన్ని ప్రశ్నలు, ఎన్ని ప్రయత్నించింది, ఎన్ని కరెక్టు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూసి చెప్పండి. ఇంకోటి, ఇంట్లో పాప ఏ భాషలో మాట్లాడుతుంది?

ఇద్దరుపిల్లల_తల్లి
అక్కా, మీ పోస్టు చదివి నా పాత రోజులు గుర్తొచ్చాయి. మా పెద్దాడికి సైకాలజిస్టు దగ్గర విస్క్ (WISC) అనే తెలివితేటల టెస్టు చేయించాం. అది గుంపుగా రాసేది కాదు, ఒక్కడినే కూర్చోబెట్టి ఎదురుగా అడుగుతారు. రిపోర్టు పదమూడు పేజీలు. మొదటి పేజీలో ఒక చోట 9 అని ఉంది. నేను వందకి తొమ్మిదనుకుని ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆ చిన్న భాగాలకి సగటు 10 అని, 1 నుంచి 19 దాకా మాత్రమే ఉంటాయని, 9 అంటే మామూలు స్కోరని తర్వాత తెలిసింది.

మావాడికి ఆలోచించి చెప్పేవాటిలో బాగా ఎక్కువ వచ్చింది, వేగంగా గుర్తులు వేసేవాటిలో తక్కువ. ఆలోచన ఉంది, చెయ్యి నెమ్మది. ఇంట్లో మేము అప్పటిదాకా బద్ధకం అనేవాళ్లం. హోంవర్కులో ఇరవై లెక్కలు ఇస్తే పది చేసి నిద్రపోయేవాడు. రిపోర్టు చూశాక టీచరు పదే ఇచ్చారు, ఆ పదీ కరెక్టుగా చేసేవాడు. మాకు ఆ పదమూడు పేజీల్లో పనికొచ్చింది ఆ తేడా ఒక్కటే, పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తం స్కోరు కాదు.

శ్రీ_నాన్న77
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒక మాట సూటిగా అడుగుతాను. బాగా ఎక్కువ స్కోరు వచ్చిన పిల్లల ప్రత్యేక క్లాసులోకి తీసుకోవడానికి చాలా చోట్ల 95, 98 పర్సంటైల్ అడుగుతారు. అక్కడ పట్టీ గిట్టీ చూడరు, ఒక్క పాయింటు తక్కువైనా బయటే. మావాడికి రెండో తరగతిలో 126 వచ్చింది, ఈ ఏడు 115. వాడి తెలివి తగ్గిపోయిందా? నేనైతే ప్రాక్టీసు పుస్తకాలు నాలుగు తెప్పించాను, రోజూ గంట చేయిస్తున్నాను. వచ్చే ఏడు మళ్లీ రాయిస్తాను. చిన్నిఅమ్మ గారూ, మీరూ అదే చేయండి, బాధపడి లాభం లేదు.

లెక్కల_నాన్న
అన్నా, మీ టెన్షన్ అర్థమైంది. అయితే 126 నుంచి 115కి రావడాన్ని తెలివి తగ్గడం అనుకోవద్దు. మూడు సంగతులు కలిసి ఉండొచ్చు.

మొదటిది, బాగా ఎక్కువ స్కోరు వచ్చిన రోజున సత్తాతో పాటు కాస్త అదృష్టం కూడా కలిసి ఉంటుంది. రెండోసారి ఆ అదృష్టం అలాగే కలిసి రాదు, అందుకే చాలా పెద్ద స్కోర్లు మళ్లీ రాస్తే సగటు వైపు కొంచెం జరుగుతాయి. తక్కువ స్కోర్లు కూడా అలాగే పైకి జరుగుతాయి.

రెండోది, రెండో తరగతి దాకా ఈ టెస్టులో బొమ్మలే ఎక్కువ, ప్రశ్నలు టీచరు చదివి వినిపిస్తారు. మూడో తరగతి నుంచి వెర్బల్ భాగంలో పిల్లలే చదువుకోవాలి, ఒక్కో ముక్కకి పది నిమిషాల గడియారం. కాబట్టి పేరు ఒకటే అయినా పిల్లాడు చేసే పని మారిపోయింది.

మూడోది, పోలిక ఎప్పుడూ తోటివాళ్లతోనే. మీవాడు ఈ ఏడాది బోలెడు నేర్చుకున్నాడు, మిగతావాళ్లూ నేర్చుకున్నారు. స్కోరు అలాగే ఉండిపోయినా ఎదిగినట్టే లెక్క.

పర్సంటైల్ మెట్లు కూడా సమానంగా ఉండవు. ఈ టెస్టులో 50 నుంచి 60 పర్సంటైల్‌కి వెళ్లాలంటే 4 పాయింట్లు చాలు. 90 నుంచి 99కి వెళ్లాలంటే దాదాపు 17 పాయింట్లు కావాలి. మధ్యలో ఉన్న పిల్లలకి రెండు ప్రశ్నలు అటూ ఇటూ అయితే పర్సంటైల్ పది మెట్లు ఊగుతుంది, పై అంచున అలా ఊగదు. ఇది తెలియక ఇళ్లలో ఎంత గొడవ అవుతుందో!

బడిలో_ఇరవైఏళ్లు
ప్రాక్టీసు గురించి నేను చెప్తాను శ్రీ గారూ, కోపం తెచ్చుకోకండి. ప్రశ్న తీరు ఎలా ఉంటుందో పిల్లలకి ముందు చూపించడం మంచిదే. "పక్షికి గూడు, మనిషికి ఏది" అన్న ప్రశ్నలో ఏం అడుగుతున్నారో తెలియక నిలిచిపోయిన పిల్లాడి ఆలోచన ఆ స్కోరులో కనపడదు. ఒకటి రెండు సార్లు, అరగంట, అంతే. రోజూ గంట చొప్పున ఏడాదంతా తోమితే స్కోరు కొంచెం పెరుగుతుంది కూడా. కానీ పెరిగింది ఆ రకం ప్రశ్నల అలవాటు. తర్వాత ఆ క్లాసులో కూర్చున్నాక అక్కడి పాఠం వేగం ఈ అలవాటుతో అందదు. అలా వెళ్లి, రోజూ కడుపునొప్పి అంటూ నా గదికి వచ్చిన పిల్లల్ని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఆ క్లాసుకి పెట్టిన కటాఫ్ గీత దగ్గర ఒక్క పాయింటు తేడాతో ఆగిపోతే మాత్రం ఊరుకోకండి. ఆ బడిని రాతపూర్వకంగా అడగండి: టీచరు అభిప్రాయం, క్లాసు పని, ఇంకో టెస్టు చూస్తారా అని. చాలా చోట్ల అప్పీలుకి దారి ఉంటుంది. ఒక్క అంకెతో పిల్లాడి దారి తేల్చకూడదని ఈ టెస్టులు తయారుచేసేవాళ్లే వాళ్ల మాన్యువల్స్‌లో రాస్తారు.

ఇంకో జాగ్రత్త. వేరే టెస్టు స్కోరుతో నేరుగా పోల్చకండి. విస్క్‌లో ఒక మెట్టు 15 పాయింట్లు, ఇక్కడ 16. అక్కడి 130, ఇక్కడి 132 ఒకే చోటు, రెండూ 98 పర్సంటైల్ దగ్గర.

పెద్దయ్యాక_రాస్తున్నా
నేను తల్లిని కాదు, ఒకప్పుడు ఆ పిల్లని. నాకు పదేళ్లప్పుడు మా నాన్న నా స్కోరు చుట్టాలందరికీ చెప్పేవారు. పెద్ద స్కోరే. ఎవరింటికి వెళ్లినా "ఆ అమ్మాయేనా" అనేవాళ్లు. దాని తర్వాత నేను చెయ్యలేనేమో అనిపించిన ప్రతి పనీ మానేశాను. వాద్య పోటీకి పేరిచ్చి వెళ్లలేదు, ఇంటర్‌లో కష్టమైన గ్రూపు తీసుకోలేదు. ఓడిపోతే ఆ అంకె అబద్ధమని తేలిపోతుందని భయం. ముప్పై దాటాక గానీ ఇది ఎవరికీ చెప్పలేదు.

తక్కువ స్కోరే బాధ అనుకోకండి. దయచేసి పిల్లలకి అంకె చెప్పకండి, ఎక్కువైనా సరే.

ఇద్దరుపిల్లల_తల్లి
చెల్లీ, నువ్వు రాసింది మావారికి చదివి వినిపించాను. మా చిన్నదాని స్కోరు ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు ఆయన. ఇప్పుడే తీసేశారు.

చిన్నిఅమ్మ
మేడం, మీరు అడిగినవి చూశాను. వెర్బల్‌లో మూడో వంతు ప్రశ్నలు అసలు ముట్టుకోలేదు! ముట్టుకున్నవాటిలో నాలుగే తప్పు. మిగతా రెండు భాగాల్లో దాదాపు అన్నీ చేసింది. ఇంట్లో మేము తెలుగే మాట్లాడతాం, కథలు కూడా తెలుగులోనే చెప్తాను. ఇంగ్లీషు స్కూల్లోనే. అయితే తెలుగులో మాట్లాడటం వల్ల నష్టం జరిగిందా? ఇంట్లో ఇంగ్లీషుకి మారిపోవాలా?

బడిలో_ఇరవైఏళ్లు
వద్దమ్మా, అస్సలు వద్దు. తెలుగులో కథ చెప్పినప్పుడు పాప నేర్చుకునే కారణం, ఫలితం, పోలిక, వరస, ఇవన్నీ ఏ భాషలోకైనా వెళ్తాయి. మీరు మీకు బాగా వచ్చిన భాషలో లోతుగా మాట్లాడటమే పాపకి మేలు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు కనపడేది ఇది. ఆ వెర్బల్ స్కోరు పాప ఆలోచనని ఇంగ్లీషు అనే సన్న గొట్టంలోంచి, గడియారం పెట్టి కొలిచింది. చేసినవాటిలో నాలుగే తప్పు అంటే ఆలోచన బాగానే నడుస్తోంది. ఆగిపోయింది వేగం దగ్గరో, చదవడం దగ్గరో, ఇంకేదైనా కారణమో. 94 అబద్ధం అని నేను అనను, ఇప్పుడు ఇంగ్లీషులో చదివి చేసే పనుల్లో పాపకి సాయం కావాలని అది నిజంగానే చెప్తోంది. పాపకి మాటల్లో ఆలోచించడం చేతకాదని మాత్రం చెప్పడం లేదు.

టీచరుతో మాట్లాడేటప్పుడు "ఎందుకు తక్కువ వచ్చింది" అని అడగకండి, అలా అడిగితే సర్దిచెప్పే జవాబు వస్తుంది. ఇవి అడగండి: క్లాసులో గట్టిగా చదివేటప్పుడు ఎలా చదువుతోంది? లెక్కల్లో మాటల లెక్క వస్తే ఆగుతోందా, మీరు చదివి వినిపిస్తే చేస్తోందా? లెక్కల్లో ఇంకొంచెం కష్టమైనవి ఇవ్వగలరా? ఆఖరిది మర్చిపోకండి. 92 పర్సంటైల్ పిల్లకి వెర్బల్ ట్యూషన్ మాత్రమే పెట్టి, బాగా వచ్చినదాన్ని ఎండిపోనివ్వడం చాలా ఇళ్లలో జరుగుతుంది. చదవడంలో నిజంగా ఇబ్బంది ఉందని టీచరు చెప్తే కంటి పరీక్ష, వినికిడి, ఆ తర్వాత చదువు సంబంధమైన పరీక్ష, ఆ వరసలో వెళ్లండి.

ఎందుకు వదిలేసిందో పాపనే అడగండి, తిట్టినట్టు కాకుండా.

శ్రీ_నాన్న77
మేడం, నిన్న మీ మాట చదివి కోపం వచ్చిన మాట నిజం. రాత్రి మావాడి రిపోర్టు మళ్లీ తీశాను. వాడికీ తగ్గింది వెర్బల్ ఒక్కదానిలోనే, మిగతా రెండూ పోయినసారికి నాలుగైదు పాయింట్ల లోపే ఉన్నాయి. నేను మొత్తం స్కోరు తప్ప ఏమీ చూడలేదు. పుస్తకాలు రెండు పక్కన పెట్టాను, రెండు ఉంచాను. గంట కాదు, వాడు అడిగినప్పుడే. అప్పీలు కాగితం ఎలా రాయాలో ఒక నమూనా పెట్టగలరా?

బడిలో_ఇరవైఏళ్లు
పెడతానండీ, విడిగా రాస్తాను. ఈలోగా వాడి క్లాసు పని నాలుగైదు కాగితాలు దాచండి, లెక్క వేరే పద్ధతిలో చేసినవి, సొంతంగా రాసినవి. అప్పీలులో వాటికే ఎక్కువ బరువు.

చిన్నిఅమ్మ
వారం తర్వాత రాస్తున్నాను, మీ అందరికీ చెప్పాలి.

పాపని అడిగాను. పక్కన పడుకున్నప్పుడు, లైటు తీసేశాక. "తెలీని మాట ఉంటే వదిలేశానమ్మా, తప్పు పెడితే మార్కులు తీసేస్తారు కదా" అంది. ఇంట్లో చేయించే ఒలింపియాడ్ పేపర్లలో అలా తీసేస్తారు, ఆ అలవాటు నేనే చేశాను. ఈ టెస్టులో తప్పుకి ఏమీ పోదని, కరెక్టువి మాత్రమే లెక్కపెడతారని నాకూ తెలీదు, దానికీ తెలీదు. "అయితే ఊహించి పెట్టొచ్చా?" అని రెండుసార్లు అడిగింది.

టీచరు మంచిగా మాట్లాడారు. చదివి వినిపిస్తే మాటల లెక్కలు క్లాసులో అందరికన్నా ముందు చేస్తుందట, తనే చదువుకోవాలంటే మాత్రం ప్రతి వాక్యం రెండుసార్లు చదువుతుందట. కళ్ల డాక్టరు దగ్గరికి ఎల్లుండి వెళ్తున్నాం. లెక్కల్లో వారానికి మూడు రోజులు పై గుంపుతో కూర్చోబెడతామన్నారు.

మావారు పాపకి సారీ చెప్పారు. ఆ టెస్టులో కాగితం మడత ప్రశ్నలు ఉంటాయట, కాగితాన్ని మడిచి చిల్లు పెట్టాక విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పాలి. పాప ఆయన్ని కూర్చోబెట్టి, కాగితం రెండు మడతలు వేసి, మూల దగ్గర పెన్సిలుతో పొడిచి "ఎన్ని నాన్నా" అంది. ఆయన రెండన్నారు. పాప నెమ్మదిగా ఒక మడత విప్పింది, రెండు. "ఇంకా ఉంది ఆగు" అని రెండో మడత విప్పి నాలుగు చిల్లుల్లోంచి ఆయన్ని చూసింది.